దుర్భిణికి చుట్టిన టేపు

అవతలి గట్టుని అక్క కొత్తాయన చేతిలో పెట్టేసింది.

ఆ రిజర్వాయరు అక్క సొత్తేమీ కాదు, అక్కడ వాలే పిట్టలు అంతకన్నా కావు. కానీ ప్రతి ఆదివారం పొద్దున్నే మెడలో దుర్భిణులు వేలాడేసుకుని అక్కడికి చేరే ఆ కొద్దిమందికీ అక్క మాటే శాసనం. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక ఈ పిట్టల బృందాన్ని మొదలుపెట్టింది ఆమె. బడి పోయినా బెత్తం పోలేదు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ఎప్పుడు నోరు మూసుకోవాలో ఆమే చెబుతుంది. ఒక గట్టుని ఒకరికి అప్పగించిందంటే, అక్కడ వాలిన పిట్ట ఏదన్నది ఇక ఆ మనిషి చెప్పిందే చెల్లు. అలాంటి గట్టుని, బృందంలో చేరి నెల తిరగని బ్యాంకు మేనేజరుకి, నిన్నగాక మొన్న నీటికోడిని బాతు అని నవ్వులపాలైన మనిషికి, పిలిచి మరీ ఇచ్చేసింది.

చిన్ని మొదటి రోజు నుంచీ వస్తోంది. యాభై దాటినా ఆమె అక్కకి చిన్నీయే, అక్కని చూసి బృందమంతటికీ చిన్నీయే. టీ ఫ్లాస్కూ, గ్లాసులూ, అక్క గొడుగూ, అక్క దుర్భిణీ ఉన్న సంచీని మోసేది ఆమె. వారమంతా ఆ సంచీ ఆమె ఇంట్లోనే గోడకి వేలాడుతుంది, అద్దాలు తుడవాలని ఎప్పుడైనా అక్క దుర్భిణిని తన ఇంటికి పట్టుకెళితే తప్ప.

"నాకిస్తానన్నావు కదక్కా ఆ గట్టు?" అంది చిన్ని. నలుగురిలో అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"అన్నాను. కానీ పిట్ట కనిపించేవాళ్ళకి ఇవ్వాలి కదే? ఇన్నాళ్ళలో నువ్వు ఒక్క పిట్టనైనా చూశావా? నేను చెబితే తలూపడం తప్ప."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరుగారు మొహమాటపడి, "పోనీ మేడమ్, ఆవిడకే..." అనబోయారు.

"మీరుండండి" అంది అక్క. మళ్ళీ చెల్లెలి వైపు తిరిగి, కాస్త మెత్తబడింది. "సరే. వచ్చే ఆదివారం ఒక్కటంటే ఒక్క పిట్టని నాకంటే ముందు చూసి, అదేమిటో సరిగ్గా చెప్పు. గట్టు నీదే. మేనేజరుగారేమీ అనుకోరు."

"అయ్యో, అస్సలు అనుకోను" అన్నారు మేనేజరుగారు.

చిన్నికి ఒళ్ళు మండిపోయింది. మండేది అక్క అబద్ధం చెప్పినందుకు కాదు, నిజం చెప్పినందుకు. ఆ దుర్భిణిలోంచి ఆమెకి నిజంగానే ఏమీ కనిపించదు. అక్క తనివితీరా చూసి, "అదిగో, ఆ గుంజ మీద, నీలి రెక్కల పిట్ట, చూడు" అని అందించేది. చిన్ని కళ్ళద్దాలు తీసి చూసేది, పెట్టుకుని చూసేది. ఎలా చూసినా తడిసిన కాగితం మీద సిరా ఒలికినట్టు ఉండేది తప్ప పిట్ట ఆకారం తేలేది కాదు. కాసేపటికి కణతలు పోటెత్తేవి. మసకగా ఉందంటే, "ఆడలేనమ్మ మద్దెల ఓడందట" అనేది అక్క. ఒక కన్ను మూసుకుంటే, "రెండు కళ్ళూ తెరువు, అదేమన్నా తుపాకీయా?" అనేది. కుడి కంటి గొట్టం మొదట్లో నల్ల టేపు దళసరిగా చుట్టి ఉండేది. అదెందుకని చిన్ని ఎప్పుడో ఒకసారి అడిగింది. "అది కదిలితే నా ప్రాణాలు తోడేస్తుంది, దాని జోలికి పోకు" అంది అక్క. ఏదో విరిగి ఉంటుంది, అతికించుకుని ఉంటుంది అనుకుని చిన్ని మళ్ళీ అడగలేదు. పోనీ ఇంకొకరిది తీసుకుని చూద్దామా అంటే, అక్కది చిన్నికి అందించడం తప్ప, ఒకరి దుర్భిణిని ఇంకొకరు ముట్టకూడదన్నది బృందంలో అక్క పెట్టిన నియమం.

"సొంతంగా ఒకటి కొనుక్కుంటాను" అంది చిన్ని ఆ రోజు తిరిగి వస్తూ.

"కొనుక్కో. నేనొచ్చి ఎంచిపెడతాను. నీ మొహం, నీకేం తెలుస్తుంది?" అంది అక్క.

చిన్ని పనిచేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల మీద మైనం పరిచి, అందులో ఒక్కొక్క పన్నే నిలబెట్టడం ఆమె పని. కింది వరసా పై వరసా కలిసే చోట నీలం కాగితం పెట్టి కరిపిస్తే, ఎక్కడ ఎత్తుందో అక్కడ మరక పడుతుంది. ఆ మరకని గీరి, మళ్ళీ కరిపించి, మళ్ళీ గీరాలి. వెంట్రుకవాసి ఎత్తున్నా ఆమె కంటికి ఆనుతుంది. అందుకే, నీకు చూపు లేదని అక్క అన్నప్పుడల్లా ఆమెకి ఆ నీలం మరకలే గుర్తొచ్చేవి.

"ఏమ్మా, పిట్టలేమన్నాయి?" అని సోమవారం పలకరించాడు పక్క బల్ల దగ్గర పళ్ళ సెట్లకి మెరుగు పెట్టే ఆయన.

"ఏమంటాయి, నాకు కనిపిస్తే కదా."

"పోనిద్దురూ. వాటికి పళ్ళుండవు, మనకి గిరాకీ ఉండదు. మనకెందుకు వాటితో?"

మామూలు రోజైతే నవ్వేదే. ఆ రోజు మైనం కత్తిని దీపం మీద అవసరానికి మించి కాల్చి, ఒక పన్ను పక్కనున్న మైనమంతా కరిగించేసి, వరస మళ్ళీ మొదటినుంచీ పెట్టుకుంది.

మంగళవారం సాయంత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ షాపుకి వెళ్ళారు. కెమెరాలూ కళ్ళద్దాలూ అమ్మే షాపు అది. దుర్భిణులు లోపల ఒక అద్దాల బీరువాలో ఉన్నాయి. షాపాయన పొట్టిగా, ఆవులింతలు దిగమింగుకుంటున్న మొహంతో ఉన్నాడు.

"ఎవరికండీ?" అన్నాడు అక్కని చూస్తూ.

"మా చెల్లికి. పిట్టల్ని చూడ్డానికి. పెద్దగా కనిపించేది చూపించండి" అంది అక్క.

ఆయన గల్లాబల్ల మీద ముఖమల్ గుడ్డ పరిచి మూడు నాలుగు పెట్టాడు. అన్నిటికన్నా పెద్దదాన్ని అక్క అందుకుంది. వాకిలి దాకా వెళ్ళి, రోడ్డుకి అవతల ఉన్న భవనం వైపు ఒక్క క్షణం ఎత్తి చూసి, దించేసింది.

"ఇదే. పది రెట్లు పెద్దగా చూపిస్తుంది. ఎనిమిది రెట్ల వాటి మీద డబ్బు దండగ. పిట్ట ఈకలు లెక్కపెట్టొచ్చు దీంతో."

చిన్ని తీసుకుంది. ఇటుకరాయంత బరువుంది. కళ్ళద్దాల మీదే పెట్టుకుని చూస్తే తాళంచెవి రంధ్రంలోంచి చూసినట్టు చిన్న వెలుగు, చుట్టూ నలుపు. పళ్ళు నిలబెట్టేటప్పుడు వణకని చేతులే, ఆ బరువుకి బొమ్మంతా ఊగిపోతోంది.

"చుట్టూ నల్లగా వస్తోందక్కా. ఊగుతోంది కూడా."

"మొదట్లో అలాగే ఉంటుంది. అలవాటు పడాలి."

"ఆ చిన్నది ఒకసారి చూస్తాను."

"ఏం చూస్తావు? అది పిల్లలాడుకునేది. అవునా కాదా అండీ?"

షాపాయన బేరం పాడుచేసుకునే మనిషిలా లేడు. "మేడమ్‌గారికి బాగా తెలుసమ్మా. పెద్దది తీసుకుంటే మళ్ళీ మళ్ళీ కొనక్కర్లేదు" అన్నాడు.

కొనేది తను. మోసేది తను. చూడాల్సింది తన కళ్ళతో. కానీ వాళ్ళిద్దరూ ఆమె తలమీదుగా మాట్లాడుకుంటున్నారు, నోట్లో దూది కుక్కి కుర్చీలో పడుకోబెట్టిన పేషెంటు తలమీదుగా డాక్టరూ నర్సూ మాట్లాడుకున్నట్టు. చిన్ని ఆ పెద్దదాన్ని గుడ్డ మీద పెట్టేసింది.

"రేపు చూద్దాం" అంది.

"నీకు ఏదీ ఒక పట్టాన నచ్చదే! అందుకే ఏదీ కనిపించదు" అని విసురుగా బయటికి నడిచిన అక్క, మెట్లు దిగుతూ కుడివైపు అంచు తప్పి తూలింది. చిన్ని పట్టుకోకపోతే పడేదే. "ఏం కట్టారీ మెట్లు, బుద్ధి లేకుండా" అని మెట్లనీ, మేస్త్రీనీ, షాపాయననీ కలిపి తిట్టింది. ఇంటిదాకా ఆ తిట్లే.

గురువారం భోజనాల వేళ చిన్ని ఒంటరిగా వెళ్ళింది. పోల్చి చూసుకోవడానికి పనికొస్తుందని సంచీలోంచి అక్క దుర్భిణిని కూడా తీసుకెళ్ళింది. షాపాయన గుర్తుపట్టాడు. ఈసారి కొనేది ఆమేనని అర్థమైనట్టుంది, కుర్చీ చూపించాడు.

"అందులో మసకగా ఉంటుంది. ఈసారి మసక లేనిది కావాలి" అని అక్క దుర్భిణిని బల్ల మీద పెట్టింది.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "వస్తువు బంగారం లాంటిదండీ. దీనికి టేపెందుకు వేశారు?"

"విరిగిందేమో. మీవాటికి అక్కడ ఏమీ చుట్టరా?"

ఆయన దిగమింగుకుంటున్న ఆవులింత నవ్వైపోయింది. "రింగుకి టేపు వేస్తారటండీ ఎవరైనా? అది తిప్పుకోవడానికే ఉన్నది. మీ కుడి కన్నూ ఎడమ కన్నూ ఒక్కలాగే చూడవు కదా. మధ్యలో ఉన్న చక్రం తిప్పి ముందు ఎడమ కంటికి సరిచేసుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, ఈ రింగు తిప్పి కుడి కంటికి సరిచేసుకోవాలి. ఎవరి కళ్ళకి వాళ్ళే. అద్దాలు పెట్టుకునేవాళ్ళయితే ఈ రబ్బరు అంచులు మడవాలి, అప్పుడు ఆ నలుపు పోతుంది."

"మొన్న చెప్పలేదే ఇదంతా?"

"మొన్న మీరడగలేదు, ఆవిడ అడగనివ్వలేదు" అన్నాడాయన, ఉన్నమాట.

చిన్ని కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. ఒకరి అచ్చు మీద చేసిన పళ్ళు ఇంకొకరి నోట్లో పట్టవని రోజూ చెప్పే మనిషి తను. అత్తగారి సెట్టు కోడలు పెట్టుకుంటుందా అని ల్యాబుకొచ్చేవాళ్ళని వేళాకోళం చేసే మనిషి. అలాంటిది ఇన్నేళ్ళూ అక్క కళ్ళని తన మొహానికి తగిలించుకుని, కనిపించడం లేదని ఏడ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ వెనకాలే అక్క మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్క మాట! ఆ రింగు తిప్పుకోవే అని ఒక్క మాట చెబితే ఏం పోయేది?

టేపు ఇక్కడే ఊడదీయమంటారా అని షాపాయన అడిగితే వద్దంది. ఆ తర్వాత బల్ల మీదున్న వాటిలో ఒక్కొక్కటే అందుకుంది. వాకిట్లో నిలబడి, రబ్బరు మడిచి, చక్రం తిప్పి, రింగు తిప్పి, ఎదురింటి నీళ్ళట్యాంకు మీద వాలిన పావురాన్ని చూసింది. పది రెట్లది అప్పుడు కూడా ఊగింది. ఒకటి తేలికే కానీ అంచుల్లో రంగులు చీలుతున్నాయి. ఇంకొకదాని చక్రం ఆమె వేళ్ళకి అందనంత బిరుసు. చివరికి అక్క పిల్లలాడుకునేదన్న ఎనిమిది రెట్లది ఎత్తింది. రింగుని కొంచెం ఇటు, కొంచెం అటు, మళ్ళీ వెంట్రుకవాసి ఇటు. పావురం మెడ మీది పచ్చదనం ఊదాలోకి జారే చోటు కనిపించింది. అది కన్నార్పితే కంటి మీదికి జారిన పల్చటి పొర కనిపించింది. ముక్కు మీద అంటుకున్న గింజ పొట్టు కూడా కనిపించింది.

ఆమెకి ఏడుపొచ్చింది. కొంత సంతోషం, ఎక్కువ ఉక్రోషం.

"ఇదివ్వండి" అంది.

ల్యాబుకి తిరిగొచ్చాక పనిలో మనసు నిలవలేదు. మెరుగు పెట్టే ఆయన భోజనం నుంచి ఇంకా రాలేదు. చిన్ని అక్క దుర్భిణిని బల్లదీపం కింద పెట్టి, మైనం కత్తి మొనతో టేపు అంచు లేపింది. ఇన్నాళ్ళు తనకి చూపు లేకుండా చేసిన దాన్ని పట్టుకుని, ఆదివారం నలుగురి ముందూ అక్క మొహాన పెట్టి, ఇదేమిటి అని అడగాలి. ఏమని మొదలుపెట్టాలో, అక్క ఏమంటే తనేమనాలో కూడా అనేసుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి మద్దెల నిజంగానే ఓడు.

టేపు వరసలు వరసలుగా వచ్చింది. కింద రింగు బయటపడింది. అది ఒక పక్కకి, చిట్టచివరి దాకా తిప్పి ఉంది. అంతకన్నా తిరగదు. చిన్ని వేలితో నొక్కి చూసింది, కదల్లేదు.

గొట్టం మీద పాత జిగురు చారలు కనిపించాయి. ఒకటి కాదు. రింగు మీద టేపు అంచు ఒకప్పుడు ఆనిన చోట పాతబడి నల్లబడ్డ చార, దానికి కొంచెం ఎడంగా ఇంకొకటి, ఇంకొంచెం ఎడంగా మరొకటి. అన్నీ ఒకే దిక్కుగా జరుగుతూ వచ్చి, చివర ఆగాయి. అరిగిన పన్ను ఎటు నుంచి అరిగిందో చూడగానే చెప్పగలిగే మనిషికి ఇదేమంత కష్టం కాదు. అక్క ఒకసారి చుట్టి వదిలేయలేదు. కొన్నాళ్ళకోసారి టేపు విప్పి, రింగుని ఇంకాస్త తిప్పి, మళ్ళీ చుట్టింది. మళ్ళీ విప్పింది, మళ్ళీ తిప్పింది. ఇక తిరగని చోటుకి చేరింది. పోతున్నది అక్క కుడి కన్నే.

షాపు మెట్లు గుర్తొచ్చాయి. గ్లాసులో టీ పోస్తూ బయటికి ఒలకబోసి, గ్లాసు వంకర అని చిన్నిని తిట్టిన ఆదివారం గుర్తొచ్చింది. బృందంలో ఒకరిది ఒకరు ముట్టకూడదన్న నియమం ఎందుకో ఇప్పుడు తెలిసింది.

కోపం పోలేదు. అదే చిన్నికి ఇంకా చిరాకు తెప్పించింది. పోనీ జాలి వచ్చిందా అంటే అదీ సరిగ్గా రాలేదు. కళ్ళున్న చెల్లెల్ని గుడ్డిదాన్ని చేసి తన గుడ్డితనం దాచుకుందే అన్న ఉక్రోషమూ, ఒక్కతే కూర్చుని టేపు విప్పి చుట్టుకునేటప్పుడు అక్క మొహం ఎలా ఉండేదో అన్న దిగులూ, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. రింగుని చివరే ఉంచి, కొత్త టేపు తెచ్చి, అక్క చుట్టినట్టే దళసరిగా చుట్టింది. అనుకున్న మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి.

ఆదివారం పొద్దున ఎండ నీళ్ళ మీద పడి మెరుస్తోంది. చిన్ని మెడలోని కొత్త దుర్భిణిని చూసి అక్క పెదవి విరిచింది.

"చెప్పిన మాట వినవు కదా. అదే కొన్నావా?"

"ఇదే నా కళ్ళకి పట్టింది."

మిగిలినవాళ్ళు ఇవతలే ఉండిపోయారు. అక్కా, చిన్నీ, మేనేజరుగారూ అవతలి గట్టుకి వెళ్ళారు. అక్క దుర్భిణి ఎత్తి నీళ్ళ మీద మెల్లగా అటూ ఇటూ తిప్పింది. ఒక చోట ఆగింది.

"అదిగో. ఆ విరిగిన గుంజ మీద. నీటికాకి. రెక్కలు ఆరబెట్టుకుంటోంది చూడండి. నీళ్ళలో మునిగి వచ్చాక అలా రెక్కలు చాపి ఆరబెట్టుకోకపోతే ఎగరలేదు పాపం."

మేనేజరుగారు కళ్ళు చికిలించి తన దుర్భిణిలోంచి చూశారు. ఎండ ఎదురుగా కొడుతోంది. "అవునవును మేడమ్. ఎంత బాగా ఆరబెట్టుకుంటోందో!"

చిన్ని తనది ఎత్తింది. చక్రం తిప్పింది. గుంజ స్పష్టంగా వచ్చింది. గుంజకి తగులుకున్న చెత్తకవరు స్పష్టంగా వచ్చింది. నల్లటిది, చిరిగి రెండు పేలికలైంది. గాలి వచ్చినప్పుడల్లా ఆ పేలికలు చాచుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి.

ఆ గుంజకి కాస్త ఇవతల, నీళ్ళ మీదికి వంగిన కొమ్మ మీద, ఎవరూ చూడని లకుముకిపిట్ట ఒకటి కూర్చుని ఉంది. నీలి వీపు, ఇటుకరంగు పొట్ట, ఒంటికి మించిన ముక్కు. ఇదే ఆ ఒక్క పిట్ట. ఒక్క మాట అంటే చాలు, గట్టు తనది. అది నీటికాకి కాదు, చెత్తకవరు అని ఇంకొక్క మాట అంటే, ఇన్నాళ్ళ నవ్వులన్నీ వడ్డీతో సహా తిరిగొచ్చేస్తాయి.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేనేజరుగారు ఇంకా ఆ కవరు అందాన్ని పొగుడుతూనే ఉన్నారు.

"మేనేజరుగారూ, మీరు అలా ఆ మలుపు దాకా వెళ్ళి రండి. అక్కడ బాతులుంటాయి" అంది చిన్ని.

ఆయన వెళ్ళాక, మెడలోంచి కొత్త దుర్భిణి తీసి అక్క చేతిలో పెట్టింది.

"ఏమిటే?"

"ఎడమ కన్ను మూసుకో. ఆ గుంజ వైపు చూడు. నేను రింగు తిప్పుతాను. తేటగా కనిపించగానే ఆగమను."

అక్క చేతులు ఆగిపోయాయి. చెల్లెలి మొహంలోకి చూసింది.   దుర్భిణి ఎత్తి, ఎడమ కన్ను గట్టిగా మూసుకుంది, బడిలో పిల్ల పరీక్షకి కూర్చున్నట్టు.

చిన్ని రింగు మీద రెండు వేళ్ళూ వేసి తిప్పడం మొదలుపెట్టింది. మైనంలో పన్ను జరిపినంత నెమ్మదిగా తిప్పింది. అక్క ఆగమనలేదు. ఇంకొంచెం తిప్పింది. కవరు పేలికలు గాలికి చాచుకున్నాయి. అక్క పెదవులు బిగుసుకున్నాయి. రింగు చివరికొచ్చి ఆగిపోయింది.

"ఇంకొంచెం తిప్పవే" అంది అక్క.

"అయిపోయిందక్కా. ఇక తిరగదు."

అక్క దుర్భిణి దించలేదు. ఏమీ కనిపించని ఆ కంటితోనే అటే చూస్తూ ఉండిపోయింది. మూసిన ఎడమ కంటి కొన నుంచి నీళ్ళు చెంప మీదికి జారాయి.

"అది నీటికాకి కాదా?" అంది చివరికి.

"కాదు. చెత్తకవరు."

"ఆయన అవునన్నాడు కదే?"

"నువ్వన్నావని అన్నాడు. నేనూ ఇన్నేళ్ళూ నువ్వన్నావనే అన్నాను." ఆపుకుందామనుకున్నా గొంతు లేచింది. "నాకు చెబితే ఏం పోయేదక్కా? ఒక్కదానివే టేపులు చుట్టుకుంటూ... నాకు చూపు లేదనుకుని నేను ఎంత..."

"చెబితే సంచీ నాకిచ్చి, గట్లు మీరు పంచుకునేవాళ్ళు" అంది అక్క.

 అలా జరగదని చెప్పాలనిపించింది చిన్నికి, కానీ జరిగేది అదే.

"రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళదాం. నేను ల్యాబులో సెలవు చెబుతాను."

అక్క దుర్భిణిని చేతుల్లో అటూ ఇటూ తిప్పి, దాని పట్టీ చిక్కు విడదీసి, చెల్లెలి మెడలో తనే వేసింది. వంగి, నేల మీదున్న ఫ్లాస్కు సంచీని తన భుజానికి తగిలించుకోబోయింది. చిన్ని దాన్ని లాక్కుంది.

మలుపు దగ్గర నుంచి మేనేజరుగారు చేయి ఊపుతున్నారు. "మేడమ్! ఆ కొమ్మ మీద నీలంగా ఏదో ఉంది, ఏమిటది?"

అక్క అటు తిరిగింది కానీ దుర్భిణి ఎత్తలేదు.

"చిన్నీ, అదేమిటో చూసి చెప్పు" అంది, మేనేజరుగారికి కూడా వినిపించేంత గట్టిగా.

చూడాల్సిన పని లేదు. అయినా చిన్ని ఎత్తింది. ఇన్నేళ్ళుగా ఈ గట్టు మీద నిలబడి ఏ మాటైతే అనాలని కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిందో, ఆ మాట అనమని ఇప్పుడు అక్కే అడిగింది. రింగు అక్క కోసం తిప్పిన చోటే ఉంది. కొమ్మా, పిట్టా, నీళ్ళూ అన్నీ అలుక్కుపోయి కనిపించాయి.

రింగుని తన కళ్ళకి మళ్ళీ సరిచేసుకుని, "లకుముకిపిట్ట" అని చెప్పింది.